కాటా దగ్గర సర్వర్

కిరండూల్ పాసింజర్‌లో అరకు వెళ్లేవాళ్లు కిటికీ సీటు కోసం పోటీ పడతారు. ఆ డిసెంబరు ఉదయం నాకు కావలసింది సిగ్నల్. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట దాకా నేల చదునుగా ఉంటుంది, ఫోన్ బాగానే పలుకుతుంది. బొడ్డవర దాటాక రైలు కొండెక్కుతుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడం కోసం 1960లలో వేసిన లైను ఇది. కొండల్ని తొలిచి 50కి పైగా సొరంగాలు తవ్వారు. రైలు సొరంగంలోకి దూరిన క్షణాన ఇంటర్నెట్ తెగిపోతుంది. అందుకే కొత్తవలస రాకముందే లాప్‌టాప్ తెరిచాను.

నేను వెళ్తున్నది అరకు లోయలోని ఒక చిన్న గిరిజన కాఫీ రైతుల సంఘానికి. పండ్ల కోత రోజుల్లో ఎవరు ఎన్ని కిలోలు తెచ్చారో, ఎవరికి ఎంత డబ్బు వెయ్యాలో లెక్క రాసుకోవడానికి వాళ్ల దగ్గర ఒక వెబ్ అప్లికేషన్ ఉంది. పైథాన్‌లో, జాంగో ఫ్రేమ్‌వర్క్ మీద ఎవరో విద్యార్థులు ఇష్టపడి రాసిచ్చారు. మంచి పని చేశారు. అయితే అది సంఘం ఆఫీసులోని మామూలు కంప్యూటర్ మీద, రూటర్‌లో 8000 పోర్టు తెరిచి, లోకమంతటికీ కనపడేలా నడుస్తోంది. హెచ్‌టీటీపీఎస్ లేదు. కళ్లం దగ్గర నిలబడి ఫోన్‌లో పాస్‌వర్డ్ కొడితే అది సాదా అక్షరాల్లోనే ప్రయాణం చేస్తుంది. రైతుల బ్యాంకు ఖాతా నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. దాన్ని హైదరాబాద్‌లోని ఒక డేటా సెంటర్‌లో అద్దెకు తీసుకున్న సర్వర్ మీదికి మార్చి, తాళాలు వేసి, ఆ తాళంచెవులు సంఘంలో లెక్కలు చూసే అమ్మాయి చేతికివ్వాలి. ఇదీ పని.

ఇదంతా విశాఖలో కూర్చునే చేయొచ్చు కదా అని ఇంట్లో అడిగారు. సర్వర్ పని వరకు చేయొచ్చు. తాళంచెవి సంగతి వేరు. సర్వర్‌లోకి వెళ్లడానికి వాడే కీ రెండు ముక్కలుగా పుడుతుంది. పబ్లిక్ కీ ఎవరికైనా ఇవ్వొచ్చు. ప్రైవేట్ కీ మాత్రం ఎవరిదైతే వాళ్ల కంప్యూటర్‌లోనే పుట్టి, అక్కడే ఉండిపోవాలి. నేను తయారుచేసి వాట్సాప్‌లో పంపితే అది ఆమె తాళంచెవి కాదు, నా తాళంచెవికి నకలు. ఆ అమ్మాయి టెర్మినల్ ముఖం ఎప్పుడూ చూడలేదు. మొదటిసారి పక్కన మనిషి ఉండాలనిపించింది. యాప్ వాడే చోటు కూడా చూడాలనిపించింది.

రైలు కదిలే ముందు ప్లాట్‌ఫారం మీద ఉండగానే కొత్త సర్వర్‌ను ప్రారంభించాను. ఉబుంటు, ఒక ప్రాసెసర్, రెండు జీబీల మెమరీ. ఇంత లెక్కకు అంతకు మించి అక్కర్లేదు. కొత్తవలస దగ్గర లాగిన్ల లాగ్ తెరిచి చూస్తే అప్పటికే ఎవరెవరో తలుపు తడుతున్నారు. రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్ అని పేర్లు మార్చి మార్చి, ఒక్కో పేరుకూ పాస్‌వర్డ్‌లు ఊహించి చూస్తున్నారు. వాళ్లు మనుషులు కారు. ఇంటర్నెట్‌లోని చిరునామాలన్నింటినీ వరసగా గాలించే ప్రోగ్రాములు. ఈ సర్వర్ ఎవరిదో, లోపల ఏముందో వాటికి తెలియదు, అక్కర్లేదు. మనది చిన్న సంఘం, మన జోలికి ఎవరొస్తారు అనుకునే వాళ్లకు నేను ముందుగా చూపించేది ఈ లాగే.

దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి ఎస్‌ఎస్‌హెచ్. అది పుట్టిందే పాస్‌వర్డ్‌ల దొంగతనం వల్ల. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ దానికి విరుగుడుగా ఈ పద్ధతిని రాశాడు. నేను చేసింది అతి మామూలు పని: పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చే దారిని మూసేసి కీ ఉన్నవాళ్లకే తెరిచాను. రూట్ పేరుతో నేరుగా రావడాన్ని ఆపాను. ఫైర్‌వాల్‌లో 22, 80, 443 పోర్టులు తప్ప అన్నీ మూశాను. ఫైర్‌వాల్ ఆన్ చేసే ముందు, మనం లోపలికి వచ్చే దారి అయిన 22 తెరిచి ఉందో లేదో రెండుసార్లు చూడాలి. లేకపోతే మన ఇంటి బయట మనమే మిగిలిపోతాం. భద్రతా అప్‌డేట్‌లు వాటంతటవే పడే ఏర్పాటు చేసి, పెద్ద అప్‌డేట్‌ను టీమక్స్‌లో నడిపించాను. టీమక్స్‌లో పెట్టిన పని కనెక్షన్ తెగినా సర్వర్ దగ్గర సాగుతూనే ఉంటుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి. చీకటి, వెలుతురు, మళ్లీ చీకటి. బొర్రా గుహల స్టేషన్‌లో కాసేపు సిగ్నల్ వచ్చినప్పుడు చూస్తే అప్‌డేట్ పూర్తయింది. లాప్‌టాప్ మూసి మిగతా దారంతా లోయ చూశాను. దూరంగా కిందికి పోయే ఆ లోయని చూడకుండా పని చేసుకుంటే అది అపచారమే.

అరకులో దిగి ఆటోలో ఊరు చేరేసరికి మధ్యాహ్నం. దారికి రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు డబ్బా మీద పడాలంటే ముందు ఈ చెట్ల కింద ఒక్కొక్క ఎర్ర పండునీ ఏరి కోయాలి. పచ్చికాయ కలిస్తే రుచి పోతుంది, ధర పోతుంది. సంఘం ఆఫీసు ఒక గది. ముందు సిమెంటు కళ్లం, ఓ పక్క పల్పింగ్ మెషిన్, గుమ్మం దగ్గర ఎలక్ట్రానిక్ కాటా.

“అన్నా, ముందు భోంచేయండి, కంప్యూటర్ ఎక్కడికీ పోదు” అంది లెక్కల అమ్మాయి. ఇంటర్ దాకా పాడేరులో చదువుకుంది. తెలుగూ, ఆదివాసీ ఒడియా రెండూ గడగడా మాట్లాడుతుంది.

భోజనమయ్యాక పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆమెకో విషయం చూపించాను. తూకం రాసే గడిలో 12 అని కాకుండా “12 కిలోలు” అని కొట్టమన్నాను. కొట్టింది. లేత పసుపు రంగు తప్పుల పేజీ పరుచుకుంది. జాంగోలో డీబగ్ అనే సెట్టింగ్ ఉంటుంది. ప్రోగ్రామ్ రాసేటప్పుడు తప్పు ఎక్కడుందో దొరకడానికి అది ఆన్‌లో ఉండాలి. జనం వాడేటప్పుడు ఆఫ్‌లో ఉండాలి. ఇక్కడ ఆన్‌లోనే ఉండిపోయింది. ఫైళ్ల దారులు, ఏ లైనులో తప్పు పడింది, ఆ క్షణాన ప్రోగ్రామ్ చేతిలో ఉన్న విలువలు అన్నీ ఆ పేజీ చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్, కీ లాంటి పేర్లున్న వాటిని చుక్కలతో కప్పుతుంది. ప్రోగ్రామ్ చేతిలోని విలువల్ని కప్పదు. కొంచెం కిందికి జరిపితే, ఆ తూకం ఏ రైతుదో ఆ రైతు పేరు, పక్కనే బ్యాంకు ఖాతా నంబరు.

ఆమె మొహం మారిపోయింది. “ఇది మా పెదనాన్నది” అంది.

ఆ పూట ఆమెకు భద్రత గురించి నేనిక ఏమీ నచ్చజెప్పాల్సిన పని లేకపోయింది. అంకెలతో ఇంకో ప్రయోగం ఆమే చేసింది. బడిలో నేర్చుకున్న తెలుగు అంకెల్లో ౧౨ అని టైపు చేస్తే పైథాన్ దాన్ని 12గా తీసుకుంది. ఏ లిపి అంకె అయినా అంకెగానే గుర్తించడం ఆ భాష గుణం. నాకది ఎప్పుడు చూసినా సంతోషమే.

తర్వాత తాళంచెవి. ఆమె లాప్‌టాప్‌లోని విండోస్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ముందునుంచే ఉంది. ఈడీ 25519 రకం కీ ఆమె చేతే చేయించాను. ఆ కీకి కాపలాగా ఒక రహస్య వాక్యం పెట్టాలి. ఏ భాషలో పెట్టమంటారని అడిగింది. నీకు మాత్రమే తోచే మాటల్లో, పొడుగ్గా పెట్టమని చెప్పి బయటికి నడిచాను. తిరిగొచ్చాక పబ్లిక్ కీ తీసుకుని సర్వర్‌లో చేర్చాను. మొదటిసారి కలిసేటప్పుడు సర్వర్ తన వేలిముద్ర చూపించి, నమ్ముతావా అని అడుగుతుంది. అందరూ చదవకుండానే అవును అనేస్తారు. మేం ఇద్దరం ఆ అక్షరాల్ని నా దగ్గరున్న వాటితో ఒకటొకటిగా పైకి చదువుతూ సరిచూసుకున్నాం.

సాయంత్రం నాలుగింటికి బుట్టలు రావడం మొదలైంది. గోనె సంచులు, వెదురు బుట్టలు, నెత్తి మీద పెట్టుకుని దిగువకు వచ్చే ఆడవాళ్లు. కాటా మీద పెట్టడం, అంకె చదవడం, ఫోన్‌లో కొట్టడం. ఆ కాటా దగ్గర ఒక గంట నిలబడితే నా సెట్టింగ్స్‌లో రెండు మారాయి. మొదటిది ఫోన్ సంగతి. తూకం రాసే ఫోన్ ఒకరిది కాదు, సంఘానిది. అది నలుగురి చేతులు మారుతుంది, రాత్రి ఒకరింట్లో చార్జింగ్‌లో ఉంటుంది. జాంగోలో ఒకసారి లాగిన్ అయితే మామూలుగా రెండు వారాలు, అంటే 12,09,600 సెకన్లు తలుపు తెరిచే ఉంటుంది. సొంత ఫోన్‌కు అది సౌకర్యం. చేతులు మారే ఫోన్‌కు ప్రమాదం. దాన్ని ఒక సాయంత్రపు తూకం సాగేంత సేపటికి కుదించాను.

రెండో మార్పు సంఘం పెద్దాయన వల్ల. గుమ్మంలో కూర్చుని అంతా గమనిస్తున్నాడు. నేను చేసే పనేమిటో అమ్మాయి వివరించింది, మన వివరాలు బయటివాళ్లు చూడకుండా కాపాడతారట అని. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“చూస్తే చూడనీ బాబూ. మారిస్తేనో? పన్నెండు కిలోలు పది అయితే ఏటి చేస్తాం?”

ఈ కొండల్లో కాటా మోసం చూడని ఇల్లు లేదు. చింతపండైనా, పసుపైనా, పిప్పళ్లైనా, సంతలో తూకం దగ్గరే గిరిజనుడు నష్టపోయాడు. ఆయన అడిగింది ఆ అనుభవం మీద నిలబడి. వెబ్ భద్రత అంటే పట్నంలో మనం ముందు రహస్యం గురించే మాట్లాడతాం. రాసింది రాసినట్టే ఉండడం దానికి తక్కువదేమీ కాదు. హెచ్‌టీటీపీఎస్ కూడా ఆ రెండు పనులూ చేస్తుంది: దారిలో ఎవరూ చదవలేరు, దారిలో ఎవరూ మార్చలేరు. కానీ ఆయన ప్రశ్న దారి గురించి మాత్రమే కాదు. చేరాక ఏమవుతుంది?

దానికి జవాబు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంది. యాప్‌కు ఒక డేటాబేస్ రోల్ ఉంటుంది. చాలామంది దానికి అన్ని హక్కులూ ఇచ్చేసి ఊరుకుంటారు. నేను రెండు రోల్స్ చేశాను. టేబుళ్లు కట్టే రోల్ వేరు, దాన్ని మార్పులు చేసేటప్పుడే వాడతాం. రోజూ నడిచే యాప్ రోల్‌కు తూకాల టేబుల్ మీద చదివే హక్కు, కొత్త వరస చేర్చే హక్కు మాత్రమే ఇచ్చాను. దిద్దే హక్కు, తుడిచే హక్కు లేవు. సిరా పెన్నుతో రాసే ఖాతా పుస్తకం లాగన్నమాట. తప్పు పడితే కింద ఇంకో వరస రాసి సరిచేయాలి, పాత వరస అక్కడే కనపడుతూ ఉంటుంది. యాప్‌లో ఏదైనా లోపం ఉండి ఎవరైనా దూరినా, ఆ దారిలో పాత తూకాన్ని మార్చలేరు. ఇందుకోసం విద్యార్థులు రాసిన ప్రోగ్రామ్‌లో దిద్దుబాటు పేజీ ఒక్కటి మార్చాల్సి వచ్చింది.

ఆ రాత్రి ఆఫీసు గదిలోనే పని. కరెంటు పోతూ వస్తూ ఉంది. ఆమె ఫోన్ హాట్‌స్పాట్ గుమ్మం పక్క కిటికీలో పెడితేనే అందుతోంది. జాంగోతో వచ్చే చిన్న సర్వర్ ప్రోగ్రామ్ రాసుకునేటప్పుడు చూసుకోవడానికి మాత్రమే. జనం వాడే చోట వద్దని ఆ డాక్యుమెంటేషనే చెబుతుంది. దాని స్థానంలో గునికార్న్ పెట్టాం. ఒక ప్రాసెసర్‌కు మూడు వర్కర్లు. ప్రాసెసర్ల సంఖ్యను రెట్టించి ఒకటి కలపమని దాన్ని చేసినవాళ్ల సలహా. లాగిన్ హక్కు లేని ప్రత్యేక యూజర్ పేరుతో అది నడుస్తుంది. బయటి లోకంతో మాట్లాడేది దాని ముందున్న ఇంజిన్‌ఎక్స్. ఇగోర్ సిసోయెవ్ అనే రష్యన్ ఇంజనీరు 2004లో లోకానికి ఇచ్చిన ప్రోగ్రామ్ అది. ఆ రెండూ ఒక సాకెట్ ఫైల్ ద్వారా మాట్లాడుకుంటాయి. గునికార్న్ ఇంటర్నెట్‌కు కనపడనే కనపడదు.

బ్రౌజర్ తెరిస్తే 502 అనే తప్పు. అమ్మాయి కంగారు పడింది. లాగ్ చదవమన్నాను. సాకెట్ దగ్గర “పర్మిషన్ డినైడ్” అని ఉంది. ఆమె ప్రోగ్రామ్‌ను తన హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసింది, సాకెట్ కూడా అక్కడే పుట్టింది. ఉబుంటు కొన్నేళ్లుగా హోమ్ ఫోల్డర్లను ఇతరులకు మూసే ఉంచుతోంది. ఇంజిన్‌ఎక్స్ ఆ గడప దాటలేదు. ఇలాంటప్పుడు 777 అని కొట్టి అందరికీ అన్నీ తెరిచేయమనే సలహా ఎక్కడబడితే అక్కడ దొరుకుతుంది. పని జరిగిపోతుంది, తాళాలన్నీ ఊడిపోతాయి. ప్రోగ్రామ్‌ను సర్వర్‌లోని వేరే ఫోల్డర్‌కు మార్చి, సాకెట్‌ను రన్ ఫోల్డర్‌లో పెట్టించాం. పేజీ వచ్చింది.

డొమైన్ పేరు అంతకుముందు యాప్ రాసిచ్చిన విద్యార్థుల్లో ఒకరి సొంత ఖాతాలో ఉండేది. దాన్ని సంఘం పేరుకు మార్పించడానికే రోజులు పట్టింది, అది నేను రాకముందే అయిపోవడం మంచిదైంది. డొమైన్ ఎవరి పేరున ఉంటే అసలు తాళం వాళ్లదే. హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ అడిగే ప్రశ్న కూడా అదొక్కటే: ఈ పేరు నీ చేతిలో ఉందా? లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 డిసెంబరులో అందరికీ తెరుచుకోకముందు ఇలాంటి సంఘం సాధారణంగా ఏటా డబ్బు కట్టి సర్టిఫికెట్ కొనుక్కోవాల్సి వచ్చేది. లాభాపేక్ష లేని ఆ సంస్థ పైసా అడగదు. సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ ద్వారా అడగ్గానే ఫలానా ఫైల్‌ను 80 పోర్టులో చూపించు అంటుంది. చూపిస్తే ప్రపంచంలో వేర్వేరు చోట్ల నుంచి వచ్చి చూసి, 90 రోజులకు సర్టిఫికెట్ ఇస్తుంది. అది ముప్ఫై రోజుల్లో తీరిపోతుందనగా సర్ట్‌బాట్ తనంతట తానే మళ్లీ తెచ్చుకుంటుంది. గడువు దగ్గరపడిందని ఒకప్పుడు వాళ్లు ఈమెయిల్ పంపేవారు. 2025లో అది మానేశారు. అందుకని ఆ తేదీ గోడ క్యాలెండర్ మీద కూడా రాయించాను.

సర్టిఫికెట్ చేతికి వచ్చిన కొన్ని నిమిషాలకే లాగ్‌లో కొత్త చుట్టాలు. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌నూ బహిరంగ జాబితాలో రాయాలన్నది నియమం. దొంగ సర్టిఫికెట్లు పట్టుబడడానికి అది చాలా మంచి ఏర్పాటు. గాలించే ప్రోగ్రాములు కూడా ఆ జాబితా చదువుతాయి. పాస్‌వర్డ్‌లు దాచుకునే ఎన్వ్ ఫైల్ ఉందా, గిట్ ఫోల్డర్ ఉందా, వర్డ్‌ప్రెస్ ఉందా అని వరసగా అడిగాయి. లేదు, లేదు, లేదు అని 404లు పడుతుంటే అమ్మాయి లెక్కపెడుతూ కూర్చుంది. మా రహస్యాల ఫైల్ వెబ్‌కు అందని చోట, యాప్ యూజర్‌కు తప్ప ఎవరికీ చదివే హక్కు లేకుండా ఉంది. పాత సీక్రెట్ కీ ‘జాంగో ఇన్‌సెక్యూర్’ అనే మాటతో మొదలవుతోంది, అంటే ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు పుట్టిన కీయే ఇన్నాళ్లూ సాగింది. దాన్ని మార్చాం. అందరూ ఒకసారి మళ్లీ లాగిన్ కావాలి, అంతే.

చివరి పరీక్షగా జాంగోకే ఉన్న డిప్లాయ్ తనిఖీని నడిపించాను. హెచ్చరికలు ఒక్కొక్కటిగా తీర్చాం. కుకీలు హెచ్‌టీటీపీఎస్‌లోనే వెళ్లాలి. ఎవరైనా సాదా దారిలో వస్తే భద్రమైన దారికి మళ్లించాలి. ఇక్కడ ఒక చిక్కుంది. గుప్తీకరణ ఇంజిన్‌ఎక్స్ దగ్గరే విడిపోతుంది కాబట్టి లోపలి జాంగోకు ప్రతి రాకా సాదాగానే కనిపిస్తుంది, మళ్లిస్తూనే ఉంటుంది, పేజీ ఎప్పటికీ రాదు. అసలు రాక ఏ దారిలో వచ్చిందో ఇంజిన్‌ఎక్స్ ఒక హెడర్‌లో చెప్పాలి, ఆ హెడర్‌ను నమ్మమని జాంగోకు చెప్పాలి. ఇక్కడికి భద్రమైన దారిలోనే రావాలని బ్రౌజర్‌కు గుర్తుండేలా చెప్పే హెచ్‌ఎస్‌టీఎస్‌ను గంటసేపటికే, 3600 సెకన్లకు పెట్టాను. కొన్ని వారాలు సాఫీగా నడిచాక ఏడాదికి పెంచుకోవచ్చు. ముందే ఏడాది అని ప్రకటించి, ఏ కారణానో సర్టిఫికెట్ ఆగితే కోత కాలంలో ఎవరి ఫోన్‌లోనూ పేజీ తెరుచుకోదు.

పొద్దున పెద్దాయన వచ్చాడు. పాత తూకాన్ని యాప్ నుంచి ఎవరూ మార్చలేరని చెప్పాను. “నువ్వు మార్చగలవా?” అని అడిగాడు. ఉన్నది చెప్పాను: సర్వర్ పెద్ద తాళం చేతిలో ఉన్నవాళ్లు మార్చగలరు తాతా, ఇప్పటికి నేనూ, మీ అమ్మాయీ.

ఆయన కాసేపు ఆలోచించి, “అయితే రోజూ కాగితం గోడకి అంటించండి. ఎవరి తూకం వాళ్లు చూసుకుంటారు” అన్నాడు.

సర్వర్ మీద నేను పెట్టగలిగే ఏ తాళమూ దానికి సాటి రాదు. సర్వర్‌లో అంకె మారినా గోడ మీద కాగితం మారదు. అమ్మాయి ఆ పేజీని తనే రాసింది: పేరు, కిలోలు, సమయం. ఖాతా నంబర్లు లేవు. గిట్‌లో చేర్చి, తన కీతో సర్వర్‌లోకి వెళ్లి, కొత్త కోడ్ దించి, గునికార్న్‌ను మళ్లీ మొదలుపెట్టింది. నేను కుర్చీ వెనక నిలబడ్డాను, కీబోర్డు తాకలేదు. మధ్యాహ్నానికి రాత్రి బ్యాకప్‌ను ఖాళీ డేటాబేస్‌లోకి తిరిగి పోసి, వరసలన్నీ వచ్చాయని సరిచూసింది. తిరిగి పోసి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

సాయంత్రం తూకం అయ్యాక మొదటి కాగితం ప్రింటయింది. జనం గోడ దగ్గర మూగారు. చదవడం వచ్చిన పిల్లలు అందరికీ చదివి వినిపించారు. ఒకామె తన రెండో బుట్ట రాయలేదని గట్టిగా అడిగింది. పక్కవాళ్లు నిజమే, మేం చూశామన్నారు. అమ్మాయి కొత్త వరస చేర్చింది, పక్కన కారణం రాసింది, కాగితం మళ్లీ తీసి పాతదాని కింద అంటించింది. ఆ తర్వాత పెద్దాయన్ను పిలిచి, రెండో తాళంచెవి ఎవరికివ్వాలో ఈ ఆదివారం మీటింగ్‌లో తేల్చమంది.